శని గ్రహపు ఎగువ వాతావరణం: కాసిని పాత డేటాలో 400 కెల్విన్ల చోట 470 ఎందుకొస్తోంది?

మధ్యరేఖ (ప్రశ్న)

నమస్కారం. శని చుట్టూ తిరిగిన కాసిని నౌక మీది యువిస్ (అతినీలలోహిత స్పెక్ట్రోగ్రాఫ్) పరికరం తీసిన ఒక నక్షత్ర ఆకల్టేషన్‌ని, అంటే నక్షత్రం గ్రహం అంచు వెనక్కి దిగిపోతుండగా దాని వెలుగు క్రమంగా తగ్గడాన్ని, మళ్లీ లెక్కగడుతున్నాను. చోటు శని మధ్యరేఖకి దగ్గర. వాడుతున్నది ఈయూవీ (బాగా తక్కువ తరంగదైర్ఘ్యాల అతినీలలోహిత) ఛానెల్. నక్షత్రం వేడి బి తరగతిది.

లెక్క నడుస్తున్న తీరు ఇది. గ్రహానికి బాగా పైన తీసిన స్పెక్ట్రమ్‌లను సగటు చేసి, అసలు వెలుగుగా పెట్టుకున్నాను. నక్షత్రం పూర్తిగా మాయమైన తర్వాతి ఫ్రేములనుంచి బ్యాక్‌గ్రౌండ్ తీసుకుని అన్నింట్లోంచీ తీసేశాను. 92 నుంచి 110 నానోమీటర్ల దాకా మొత్తం కలిపేసి, హైడ్రోజన్ అణువుకి ఒక సగటు శోషణ విలువ పెట్టి, చూపు రేఖ వెంట కాలమ్ సాంద్రత, అంటే ఆ దారి పొడుగునా చదరపు సెంటీమీటరుకి ఉన్న మొత్తం అణువులు, రాబట్టాను. 10 కి.మీ. పొరలుగా ఉల్లిపొర పద్ధతిలో (పై పొర వాటా తీసేస్తూ కిందికి దిగుతూ) విడదీస్తే స్థానిక సాంద్రత వచ్చింది. దాన్ని జలస్థితి సమతౌల్యంతో (ఏ ఎత్తులోనైనా పీడనం పైనున్న వాయువు బరువుని మోస్తుందన్న నియమంతో) పైనుంచి కిందికి కూడుకుంటూ వస్తే పీడనం, పీడనం నుంచి ఉష్ణోగ్రత.

ఫలితం చూస్తే కేంద్రం నుంచి 62,000 కి.మీ. పరిసరాల్లో దాదాపు 470 కెల్విన్లు. ఈ ప్రాంతానికి ప్రచురిత విలువలు 400 చుట్టుపక్కల ఉన్నాయి. పైపెచ్చు, అన్నింటికన్నా పైన ఉన్న 300 కి.మీ.లో ఉష్ణోగ్రత 900 దాకా ఎగబాకుతోంది. పొర పొరకీ రంపపు పళ్లలా ఊగుతోంది కూడా. గురుత్వానికి గ్రహ ద్రవ్యరాశి, దూరం మాత్రమే వాడాను. తేడా ఎక్కడుందో చెప్పగలరా?

---

వలయరేఖ

470కి కారణం మీ చివరి వాక్యంలోనే ఉంది. శని దగ్గర గురుత్వాన్ని దూరపు వర్గంతో భాగించి ఊరుకుంటే సరిపోదు. ఆ గ్రహం పదిన్నర గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది.

62,000 కి.మీ. దగ్గర వేసి చూడండి. ద్రవ్యరాశి పదం ఒక్కటే తీసుకుంటే 9.87 మీ/సె². గ్రహం నడుము ఉబ్బుగా ఉన్నందువల్ల వచ్చే మొదటి సవరణ, అంటే జె2 పదం (విలువ సుమారు 0.0163), మధ్యరేఖ దగ్గర 0.23 కలుపుతుంది. అపకేంద్ర త్వరణం 1.67 తీసేస్తుంది. మిగిలేది 8.43. మీ పద్ధతిలో ఉష్ణోగ్రత గురుత్వానికి నేరుగా అనులోమం కాబట్టి 470ని 8.43తో గుణించి 9.87తో భాగిస్తే 401. మధ్యరేఖ దగ్గర కాబట్టి ఇంత తేడా పడింది. ధ్రువం దగ్గరైతే అపకేంద్రం సున్నా, జె2 గుర్తే మారుతుంది. అందుకే ఒకే కోడ్‌తో వేర్వేరు అక్షాంశాలు లెక్కగట్టి పోల్చేవాళ్లకి ఈ పదాలు లేకపోతే లేని అక్షాంశ ధోరణి ఒకటి పుట్టుకొస్తుంది.

పైన 900 కావడం వేరే జబ్బు, దానికి రెండు మూలాలున్నాయి. మొదటిది, అసలు వెలుగు విలువ. కాంతి ఒక శాతం మాత్రమే తగ్గిన ఎత్తులో ఆప్టికల్ డెప్త్ (వాయువు వెలుగుని ఎంత అడ్డుకుంటోందో చెప్పే కొలత) 0.01. అక్కడ మీ అసలు వెలుగు ఒక శాతం తప్పితే సాంద్రతలో తప్పు నూటికి నూరు. రెండోది, కూడిక మొదలుపెట్టే పొర పైన ఎంత పీడనం ఉందో మీరు ఊహించాల్సిందే, డేటా చెప్పదు. ఆ ఊహ తప్పైతే దాని ప్రభావం ఒక్కో స్కేల్ హైట్ (సాంద్రత 2.7 రెట్లు మారేంత ఎత్తు) దిగినప్పుడల్లా 2.7 రెట్లు తగ్గుతూ వస్తుంది. 400 కెల్విన్ల దగ్గర ఇక్కడి స్కేల్ హైట్ సుమారు 195 కి.మీ. మూడు స్కేల్ హైట్లు, అంటే దాదాపు 600 కి.మీ., దిగాక మొదటి తప్పులో 5 శాతం మిగులుతుంది. కాబట్టి పై 300 కి.మీ. ఉష్ణోగ్రతని అసలు గీయకండి. అక్కడ ఒకే ఉష్ణోగ్రత గల నమూనాని సాంద్రతకి ఫిట్ చేసి, దాన్నే పై హద్దుగా పెట్టండి. థర్మోస్ఫియర్ (మనం చూస్తున్న ఈ ఎగువ వాతావరణ పొర) పై భాగం ఎలాగూ ఏకోష్ణానికి దగ్గరగానే ఉంటుంది.

రంపపు పళ్లకి కారణం 10 కి.మీ. పొరలు. స్కేల్ హైట్‌లో ఇరవయ్యో వంతు మందం తీసుకుని విడదీస్తే, పై పొరలో పడ్డ నాయిస్ కింది పొరలో ఎదురు గుర్తుతో తేలుతుంది, ఆ కింద మళ్లీ తిరగబడుతుంది. 50 కి.మీ.కి పెంచండి. లేదంటే పొరలు సన్నగానే ఉంచి టిఖనోవ్ రెగ్యులరైజేషన్ (ఫలితం నునుపుగా ఉండాలని షరతు పెట్టే పద్ధతి) పెట్టండి. రెండోదే నాకు నచ్చుతుంది, కాకపోతే నునుపు ఎంత పెట్టారో ఫలితంతోపాటు చెప్పాలి. నునుపుతనం ఎక్కువైతే నిజంగా ఉన్న తరంగాలు కూడా చెరిగిపోతాయి.

ఇంకొకటి. కాలమ్ సాంద్రతనుంచి స్థానిక సాంద్రతకి ఉజ్జాయింపుగా వచ్చేటప్పుడు, రెండు పై గుణించి వక్రతా వ్యాసార్ధం గుణించి స్కేల్ హైట్, ఆ మొత్తానికి వర్గమూలం వాడతాం కదా. 62,000 కి.మీ., 195 కి.మీ. వేస్తే 8,700 కి.మీ. పొడవు వస్తుంది. కాలమ్ 10¹⁷ ఉంటే స్థానికంగా ఘన సెంటీమీటరుకి సుమారు 1.15 × 10⁸ అణువులు. కానీ ఈ వ్యాసార్ధం చూపు రేఖ ఏ దిక్కున పోతుందో దాని మీద ఆధారపడుతుంది. శని మధ్యరేఖ వెంట అది 60,268 కి.మీ.; అదే బిందువు దగ్గర ఉత్తర దక్షిణాలుగా అయితే 49,000 మాత్రమే. వర్గమూలంలో పది శాతం తేడా. ఉష్ణోగ్రతని ఇది పెద్దగా కదపదు, సాంద్రతని, పీడనాన్ని మాత్రం కదుపుతుంది.

---

గీతలవారు

వలయరేఖ గారు చెప్పిన గురుత్వం మాట నిజమే. అయితే 401 వచ్చింది కదా అని అక్కడితో ఆగిపోకండి. ప్రశ్నలో ఇంకో రెండు తప్పులున్నాయి. ఒకటి ఉష్ణోగ్రతని పైకి లాగేది, రెండోది కిందికి లాగేది. ఒకదాన్నొకటి కప్పేసుకుంటూ ఉండొచ్చు.

పైకి లాగేది సగటు శోషణ విలువ. 91.2 నానోమీటర్లకి దిగువన నక్షత్రాల మధ్య ఉన్న పరమాణు హైడ్రోజనే వెలుగుని మింగేస్తుంది కాబట్టి, నక్షత్ర ఆకల్టేషన్లలో మనకి దక్కేది 91.2 నుంచి 111 దాకా. అక్కడ హైడ్రోజన్ అణువు శోషణ నునుపైన వక్రరేఖ కాదు, లైమన్, వెర్నర్ పట్టీల్లోని వందలాది సన్నటి గీతలు. 400 కెల్విన్ల దగ్గర ఒక్కో గీత డాప్లర్ వెడల్పు (అణువుల కదలిక వల్ల వచ్చేది) 0.0006 నానోమీటర్లు. యువిస్ ఈయూవీ పిక్సెల్ 0.06. అంటే పిక్సెల్ గీతకన్నా నూరు రెట్లు వెడల్పు. బలమైన గీతల నడుమ శోషణ విలువ 10⁻¹⁵ నుంచి 10⁻¹⁴ చ.సెం.మీ. దాకా ఉంటుంది, కాబట్టి కాలమ్ 10¹⁵ చేరేలోపే ఆ నడిభాగాలు నల్లబడిపోతాయి. ఆ తర్వాత ఎంత హైడ్రోజన్ కలిపినా గీత అంచుల్లో మాత్రమే కొద్దికొద్దిగా శోషణ పెరుగుతుంది. మీ సగటు విలువ ఈ సంతృప్తతని చూడలేదు. వెలుగు నెమ్మదిగా తగ్గుతోంది కాబట్టి హైడ్రోజన్ నెమ్మదిగా పెరుగుతోంది అనుకుంటుంది, దాంతో స్కేల్ హైట్ సాగుతుంది, ఉష్ణోగ్రత పెరుగుతుంది.

చేయాల్సింది గీత గీతకీ లెక్క. 0.0001 నానోమీటర్ల మెట్లతో గ్రిడ్ వేసుకోండి. ప్రతి గీతకీ వాయిట్ ఆకృతి (డాప్లర్ వెడల్పు, సహజ వెడల్పు రెండూ కలిసిన రూపం) ఇచ్చి, భ్రమణ స్థాయుల్లో అణువులు ఎలా పంచుకుని ఉన్నాయో ఉష్ణోగ్రతతో లెక్కగట్టండి. ముందు పూర్తి రిజల్యూషన్‌లో ప్రసారాన్ని లెక్కించి, దాన్ని నక్షత్ర స్పెక్ట్రమ్‌తో గుణించి, ఆ తర్వాతే పరికరం వెడల్పుకి కన్వల్యూషన్ చేయాలి, అంటే పరికరం మసకబరిచినంతగా మసకబరచాలి. ఈ వరస తారుమారైతే, అంటే ముందు శోషణని మొద్దుచేసి తర్వాత ఎక్స్‌పొనెన్షియల్ వేస్తే, మళ్లీ మొదటికొచ్చినట్టే. భ్రమణ స్థాయుల పంపకానికి ఉష్ణోగ్రత కావాలి, అదేమో ఇంకా మనకి తెలియదు. 400తో మొదలుపెట్టి, వచ్చిన ప్రొఫైల్‌ని తిరిగి లోపలికి ఇస్తూ పోతే రెండు మూడు విడతల్లో కుదురుకుంటుంది.

ఇక కిందికి లాగేది బ్యాక్‌గ్రౌండ్. నక్షత్రం మాయమయ్యాక తీసిన ఫ్రేముల్లో స్లిట్ (పరికరంలోకి వెలుగు వచ్చే సన్నటి చీలిక) ఎక్కడుందో చూశారా? పగటి వైపు బింబం మీదికి వెళ్లి ఉంటే అక్కడ హైడ్రోజన్ ఎయిర్‌గ్లో (వాతావరణం తానుగా వెదజల్లే వెలుగు) అంచు మీదకన్నా వేరుగా ఉంటుంది. దాన్ని అన్ని ఫ్రేముల్లోంచీ ఒకేలా తీసేస్తే, లోతు పొరల్లో అసలు మిగిలిన కొద్దిపాటి నక్షత్రపు వెలుగు కూడా పోతుంది. శోషణ లేనంత ఎక్కువగా కనిపిస్తుంది, స్కేల్ హైట్ కుంచించుకుపోతుంది. సరైన దారి: నక్షత్రం పడే వరసలకి పైన, కింద ఉన్న వరసలనుంచి ప్రతి ఫ్రేముకీ విడిగా బ్యాక్‌గ్రౌండ్ అంచనా వేయండి. డిటెక్టర్‌లో వరసలు 64 ఉన్నాయి, నక్షత్రం కొన్నింటిలోనే పడుతుంది, మిగతావి ఇందుకే పనికొస్తాయి. ఈయూవీ ఛానెల్లోకి అంతర్‌గ్రహ లైమన్ ఆల్ఫా (గ్రహాల నడుమ ఉన్న హైడ్రోజన్ నుంచి వచ్చే) వెలుగు లీకయ్యే సంగతి కూడా గుర్తుంచుకోండి. పక్క వరసలు చూస్తే అదీ తెలిసిపోతుంది.

రెండూ సరిచేశారో లేదో తేల్చుకోడానికి ఒక పరీక్ష ఉంది. 92–110ని మొత్తం కలపకుండా, పట్టీ తలల దగ్గరి పిక్సెళ్లు ఒక గుంపుగా, పట్టీల మధ్య సందుల్లోవి ఇంకో గుంపుగా చేసి విడివిడిగా సాంద్రత రాబట్టండి. ఒకే ఎత్తులో రెండూ ఒకే సాంద్రత చెప్పాలి. సందుల గుంపు ఎక్కువ చెబితే సంతృప్తత సరిగా పట్టలేదన్నమాట. రెండు గుంపులూ పైన కలిసి, లోతుకి పోయేకొద్దీ విడిపోతుంటే బ్యాక్‌గ్రౌండ్‌ని అనుమానించాలి.

ఆకల్టేషన్‌కి క్యాలిబ్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. అదే పిక్సెల్‌లో ముందూ వెనకా నిష్పత్తి తీసుకుంటాం కాబట్టి సున్నితత్వం కొట్టుకుపోతుందని వాదన. నక్షత్రం ఆ పిక్సెల్‌లోనే కదలకుండా ఉంటే నిజమే. రేపు మీథేన్ కోసం ఎఫ్‌యూవీ (ఇంకాస్త ఎక్కువ తరంగదైర్ఘ్యాల) ఛానెల్‌కి వెళితే మాత్రం జాగ్రత్త. 2002లో స్పైకా నక్షత్రాన్ని చూసినప్పుడు ఆ డిటెక్టర్‌లో నక్షత్రం పడ్డ చోట సున్నితత్వం పడిపోయింది. నక్షత్రం ఆకల్టేషన్ మధ్యలో అర వరస జరిగినా నిష్పత్తిలో అది నకిలీ శోషణగా తేలుతుంది. ఏ వరసలో ఎంత వెలుగు పడిందో కాలంతోపాటు గీసి చూడండి.

---

కెర్నల్_బండి

వాతావరణం లెక్కల జోలికి వెళ్లను. ఫైళ్లు, జ్యామితి దగ్గర తగిలే దెబ్బలు మాత్రం చెబుతాను.

యువిస్ ఫైలు పీడీఎస్3 (నాసా గ్రహ డేటా భాండారపు ఫైలు ప్రమాణం) పద్ధతిలో ఉంటుంది: డీఏటీ ఫైలులో అంకెలు, పక్కన ఎల్‌బీఎల్ లేబుల్. అంకెలు ధన రుణ గుర్తు లేని (అన్‌సైన్డ్) 16 బిట్లవి, పెద్ద బైటు ముందు. మామూలు కంప్యూటర్ దాన్ని తలకిందులుగా చదివితే 1 కౌంటు 256 అవుతుంది. కౌంట్లన్నీ దాదాపుగా 256 గుణిజాలుగా కనిపిస్తే కారణం అదే. ఖాళీ గుర్తు లేబుల్‌లో −1 అని ఉంటే, ఈ 16 బిట్లలో అది 65535గా దిగుతుంది. సగటు వేసేముందే తీసేయాలి. లేబుల్‌లో కిటికీ మూలలు, బిన్నింగ్ ఎంతో ఇచ్చే కీవర్డ్‌లు ఉంటాయి. అవి పట్టించుకోకుండా తరంగదైర్ఘ్యం స్కేలు తగిలిస్తే స్పెక్ట్రమ్ మొత్తం పక్కకి జరుగుతుంది.

సమయం సంగతి. లేబుల్ ఇచ్చేది మొదటి ఎక్స్‌పోజర్ ఆరంభం. స్పర్శ బిందువు (చూపు రేఖ గ్రహానికి అతి దగ్గరగా వెళ్లే చోటు) లెక్కగట్టాల్సింది ప్రతి ఎక్స్‌పోజర్ మధ్యలో. నక్షత్రం సెకనుకి 8 కి.మీ. చొప్పున దిగుతూ, ఎక్స్‌పోజర్ 2 సెకన్లు అయితే సగం అంటే 8 కి.మీ. జరుగుడు. అస్తమయంలో అది ఒక వైపు, ఉదయంలో ఇంకో వైపు. టెలిమెట్రీ ప్యాకెట్ మధ్యలో పోయిన చోట్ల ఫ్రేము సంఖ్యని కాలంతో గుణిస్తే తర్వాతివన్నీ తప్పుతాయి, ఖాళీలున్నాయేమో చూసుకోండి.

స్పైస్ కెర్నల్స్ (నౌక, గ్రహాల స్థానాలు, దిశలు ఇచ్చే నాసా ఫైళ్లు) విషయంలో, కక్ష్యకీ దిశకీ పునర్నిర్మిత (తర్వాత సరిచూసి తయారుచేసిన) కెర్నల్సే వాడండి. అంచనా కెర్నల్ కూడా ఫోల్డర్‌లో ఉంటే దాన్ని ముందు ఎక్కించాలి. చివర ఎక్కించినదాని మాటే చెల్లుతుంది. అంచనాది ఆఖర్న పడితే మంచిదాన్ని కప్పేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. స్పర్శ బిందువుకి పాతవాళ్లు స్పైస్‌లోని ఎన్‌పెడ్‌ఎల్‌ఎన్ అనే రొటీన్ వాడేవారు. అది రేఖని రెండు వైపులా చూస్తుంది, కిరణాన్ని కాదు. కొత్త టూల్‌కిట్‌లో టాంజ్‌పీటీ ఉంది, కాంతి ప్రయాణ కాలం సవరణ కూడా చూసుకుంటుంది. నక్షత్రానికి స్వీయ చలనం కలిపి, నౌక వేగం వల్ల వచ్చే అపేరణం (నక్షత్రం కనిపించే దిశలో మార్పు) లెక్కలోకి తీసుకోండి. 62,000 కి.మీ. దగ్గర వక్రీభవనం గురించి బెంగ అక్కర్లేదు, అక్కడ గాలి అంత పల్చన.

చాలామంది మరిచేది వలయాలు. చూపు రేఖ వలయాల తలాన్ని ఎక్కడ దాటుతోందో ప్రతి ఫ్రేముకీ లెక్కగట్టండి. ఆ దూరం 74,500 నుంచి 1,36,800 కి.మీ. మధ్య పడి, ఆ దాటే చోటు నౌకకీ నక్షత్రానికీ నడుమ ఉంటే వెలుగులో కొంత వలయాలే తిన్నట్టు. అసలు వెలుగుగా పెట్టుకున్న ఫ్రేముల్లో కొన్ని సి వలయం వెనకనుంచి వచ్చినవైతే, మీకు కావలసిన ఒక శాతం నిలకడ కలలోని మాట. 66,900 దగ్గర మొదలయ్యే డి వలయం పల్చనిదే, అయినా పై పొరల ఫ్రేములకి అది అడ్డుందో లేదో చూసి ఉంచుకోండి.

---

మధ్యరేఖ

అందరికీ ధన్యవాదాలు. భ్రమణం, జె2 కలిపాక 402కి దిగింది. గీత గీతకీ లెక్క ఇంకా నడుస్తోంది. బ్యాక్‌గ్రౌండ్ పక్క వరసలనుంచి తీస్తే లోతు పొరల్లో తేడా స్పష్టంగా కనబడుతోంది, గీతలవారు గారు చెప్పిన దిక్కులోనే.

తర్వాతి మెట్టు వాయేజర్ నౌకల మీది అతినీలలోహిత పరికరం యూవీఎస్ తీసిన ఆకల్టేషన్లతో పోల్చడం. 1980ల మొదట్లో శనికి నక్షత్ర ఆకల్టేషన్ 800 కెల్విన్లు ఇచ్చింది, సూర్య ఆకల్టేషన్ 420 ఇచ్చింది. ఇంత తేడా ఉన్న డేటాని ఇవాళ నమ్మొచ్చా? వాటిని మళ్లీ లెక్కగట్టాలంటే దేన్ని చూసుకోవాలి?

---

పాతటేపు

డేటా మంచిదే. ఆ 800 తర్వాతి కాలంలో నిలవలేదు. వాయేజర్లు రెండూ శని దగ్గర తీసిన ఆరు యూవీఎస్ ఆకల్టేషన్లనీ 2015లో ఒకే పద్ధతితో తిరిగి లెక్కగట్టి ప్రచురించారు. కాసిని విలువలు కూడా ఎక్కువగా 350–550 మధ్యే తిరుగుతున్నాయి. కాబట్టి మళ్లీ చేయడానికి బాట ఉంది.

పరికరం గురించి ముందు తెలుసుకోవాల్సింది, అది యువిస్‌కన్నా చాలా మొద్దు. 50 నుంచి 170 నానోమీటర్ల దాకా 128 ఛానెళ్లు, ఒక్కోటి 0.93 నానోమీటర్లు. హైడ్రోజన్ పట్టీల ఆకృతి ఇందులో దాదాపు కనబడదు, అందువల్ల గీతలవారు గారు చెప్పిన రెండు గుంపుల పరీక్ష ఇక్కడ చేయలేరు. సంతృప్తత లెక్క తప్పినా డేటా అరిచి చెప్పదు.

గ్రేటింగ్ (వెలుగుని తరంగదైర్ఘ్యాలుగా విడదీసే గీతల పలక) మీద చెదిరిన వెలుగు ఒక ఛానెల్ నుంచి మిగతావాటన్నిటికీ పాకుతుంది. దీనికి ఒక మాట్రిక్స్ ఉంది. స్పెక్ట్రమ్‌ని దానితో గుణించాకే ఏ పనైనా. ప్రతి ఫ్రేముకీ విడిగా గుణిస్తే నాయిస్ పెరుగుతుంది, కాబట్టి లోతు పొరల్లో నాలుగైదు ఫ్రేములు ముందు కూడి, తర్వాత గుణించడం మేలు. నౌక మీద ఉన్న అణు విద్యుత్ జనరేటర్ల వల్ల డార్క్ కౌంటు (వెలుగు పడకున్నా నమోదయ్యేది) స్థిరంగా ఒకటుంటుంది. దాన్ని మాట్రిక్స్‌కన్నా ముందే తీసేయాలి, ఎందుకంటే అది గ్రేటింగ్ మీదుగా వచ్చిన వెలుగు కాదు. వరస తప్పితే తక్కువ తరంగదైర్ఘ్యాల దగ్గర రుణ కౌంట్లు వస్తాయి.

నక్షత్ర ఆకల్టేషన్ల అసలు సమస్య దిశ. కాసిని తన లోపల తిరిగే చక్రాలతో నిలకడగా ఉండగలిగేది. వాయేజర్ చిన్న థ్రస్టర్లతో తనను తాను అటూ ఇటూ తడుతూ నిలబడుతుంది. స్లిట్ సన్నటి వైపు 0.1 డిగ్రీ మాత్రమే. నౌక నెమ్మదిగా ఊగుతుంటే నక్షత్రం స్లిట్ అంచుకి వెళ్లి వస్తుంది, వెలుగు తగ్గి పెరుగుతుంది. వాతావరణం ఇంకా మొదలవని ఎత్తుల్లో ఈ ఊగుడుని దిశ డేటాతో ముడిపెట్టి, ఒక సవరణ వక్రరేఖ తయారుచేసి, మిగతా ఆకల్టేషన్‌కి అన్వయించాలి. పైన వలయరేఖ గారు వేసిన లెక్కే ఇక్కడా: ఒక శాతం తప్పు పై పొరని ముంచేస్తుంది, ఇక్కడి ఊగుడు ఒక శాతంతో పోదు.

సూర్య ఆకల్టేషన్‌లో ఇవేవీ లేవు. వెలుగు పుష్కలం, 80.4 నానోమీటర్లకి దిగువన హైడ్రోజన్ అణువు అయనీకరణ శోషణ నునుపుగా ఉంటుంది, విలువ 10⁻¹⁷ చ.సెం.మీ. స్థాయిలో. గీత గీతకీ లెక్క అక్కర్లేదు. కానీ సూర్యుడు బిందువు కాదు. శని దూరంలో సూర్యబింబం 0.056 డిగ్రీ. స్పర్శ బిందువు నౌకకి 3 లక్షల కి.మీ. దూరంలో ఉంటే ఆ బింబం అక్కడ 290 కి.మీ. వెడల్పు పరుచుకుంటుంది. స్కేల్ హైట్ 195. అంటే ఒక్కో కొలతలో ఒకటిన్నర స్కేల్ హైట్ కలగలిసిపోయి ఉంటుంది. బింబాన్ని అడ్డ పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకీ వేరే స్పర్శ ఎత్తు ఇచ్చి, ప్రసారాలని కూడి, ఆ మొత్తాన్ని డేటాతో పోల్చాలి. పట్టీలన్నింటికీ సమాన వెలుగు ఇవ్వకండి. ఈ తరంగదైర్ఘ్యాల్లో వెలుగు చాలావరకు చురుకు ప్రాంతాలనుంచీ అంచు బయటి కరోనానుంచీ వస్తుంది, 1980–81 సౌర గరిష్ఠానికి దగ్గర కాలం కూడాను.

ఫైళ్ల విషయం ఒకటి. పాత వాయేజర్ ఫైలు లేబుల్‌లో వ్యాక్స్ రియల్ (పాత వ్యాక్స్ కంప్యూటర్ల సంఖ్యా రూపం) అని ఉంటే దశాంశ సంఖ్యలు ఇప్పటి ఐట్రిపుల్‌ఈ పద్ధతిలో లేవన్నమాట. నాలుగు బైట్లలో 16 బిట్ల రెండు సగాలని చోటు మార్చి చదివితే సంఖ్య సరిగ్గా నాలుగు రెట్లుగా వస్తుంది, నాలుగుతో భాగించాలి. నిష్పత్తులు తీసుకునేచోట ఈ నాలుగు కొట్టుకుపోయి తప్పు బయటపడదు, డార్క్ కౌంటు తీసేచోట మాత్రం దెబ్బకొడుతుంది.

---

వలయరేఖ

పాతటేపు గారితో ఒక్క దగ్గర విభేదిస్తాను. రెండు తరాల డేటానీ ఒకే పద్ధతితో లెక్కగట్టినంత మాత్రాన పోలిక సరికాదు. అక్షాంశం చూడాలి. కాసిని 2017లో, అంటే నౌక సెప్టెంబరు 15న శనిలో కలిసిపోయే ముందు నెలల్లో, ధ్రువం నుంచి ధ్రువం దాకా తీసిన నక్షత్ర ఆకల్టేషన్లలో ఉష్ణోగ్రత అరోరా అక్షాంశాల దగ్గర ఎక్కువగా, మధ్యరేఖ వైపు తగ్గుతూ కనిపించింది. సూర్యరశ్మి ఒక్కటే అయితే ఇంత వేడి రాదని వాయేజర్ కాలంనుంచి ఉన్న చిక్కుకి అరోరాల వేడి గాలులతో పాకుతోందన్న జవాబుకి అదే పెద్ద ఊతం. కాబట్టి 1981 నాటి 30 డిగ్రీల అక్షాంశపు విలువని 2017 నాటి మధ్యరేఖ విలువతో పోల్చి కాలంతో మారిందనడం కుదరదు. వేరే గ్రహాల్లో కాలంతో మారే మాట నిజమే. యురేనస్‌కి 1986 జనవరిలో వాయేజర్ 2 చూసిన 750–800 కెల్విన్ల తర్వాత, భూమినుంచి హెచ్3 ప్లస్ అయానుతో కొలిచినవాళ్లకి దశాబ్దాలుగా చల్లబడుతూనే కనబడింది. శని విషయంలో ముందు అక్షాంశాన్ని తీసేసి, తర్వాత కాలం గురించి మాట్లాడాలి.

---

గీతలవారు

అక్షాంశంతోపాటు ఎత్తు కూడా. 1 బార్ మట్టంనుంచి కి.మీ.లలో పోల్చకండి. ఆ మట్టం ఆకారం గాలుల వల్ల ప్రామాణిక దీర్ఘవృత్తాన్ని పూర్తిగా అనుసరించదు, పైగా కింది స్ట్రాటోస్ఫియర్ వేడెక్కితే పైనున్నదంతా లేస్తుంది. పీడనానికి ఎదురుగా ఉష్ణోగ్రత గీయండి. పైన అన్న 1.15 × 10⁸ సాంద్రత, 400 కెల్విన్లు కలిపితే దాదాపు 6 పికోబార్లు, మీ డేటా బాగా పలికే చోటు అదే. పీడనం లెక్కలో అణు ద్రవ్యరాశి 2.016 సరిపోతుంది, హోమోపాజ్ (వాయువులు బాగా కలిసి ఉండే భాగపు పై హద్దు) పైన ప్రతి వాయువూ తన స్కేల్ హైట్‌తో తాను విడిపోతుంది కాబట్టి. హోమోపాజ్ దగ్గరికి దిగాక హీలియం కలుస్తుంది, అక్కడ ఆ సంఖ్య పనికిరాదు.

వాయేజర్ జోలికి వెళ్లేముందు మీ కోడ్‌కి నకిలీ డేటా ఒకసారి ఇవ్వండి: 400 కెల్విన్ల ఏకోష్ణ వాతావరణం, అసలు వెలుగు ఫ్రేముకి ఒకసారి 10,000 కౌంట్లు, ఒకసారి 500 కౌంట్లు, రెండింటికీ పాయ్‌సాన్ నాయిస్ (కౌంట్లలో సహజంగా ఉండే ఊగుడు). 10,000తో 400కి అటూ ఇటూ కొద్ది తేడాలో రాకపోతే కోడ్‌లో ఇంకా ఏదో ఉంది. 500తో ఏ ఎత్తు పైన చెదిరిపోతుందో గుర్తుపెట్టుకోండి. వాయేజర్ ఫలితాన్ని ఆ ఎత్తు దాటి గీయకండి.